ముట్టుకోరాని బొమ్మరిల్లు

మా చిన్నప్పుడు దసరా దగ్గిరపడుతుంటే మా అమ్మమ్మ అటక మీది ట్రంకు పెట్టె దింపించేది. దాన్నిండా బొమ్మలు. ఒక్కొక్క బొమ్మనూ పాత చీర పేలికలో చుట్టి, మధ్య మధ్య వేపాకు వేసి పెట్టేది. పేలికలు విప్పుతుంటే ఎండిన వేపాకు పొడి రాలేది. కొండపల్లి ఏనుగు అంబారీ, దశావతారాలు, పెళ్ళివారు, పల్లకీ బోయీలు—అన్నీ మెట్ల మీదికి ఎక్కేవి. అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది తల ఆడించే తంజావూరు బొమ్మ. గాలి వేస్తే చాలు, ఔనౌనన్నట్టు తల ఊపేది.

"చూడండర్రా, ముట్టుకోకండి!" అని అమ్మమ్మ రోజుకు పదిసార్లు అనేది.

నాకు ఏడేళ్ళప్పుడు, అంతా పేరంటానికి వెళ్ళిన సమయాన, ఆ తల ఎలా ఊగుతున్నదో చూద్దామని మెడ కింద వేలు పెట్టాను. తల ఊడి చేతిలోకి వచ్చింది. అమ్మమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. లక్క కరిగించి తల అతికించింది. బొమ్మ నిలబడింది గాని, తల ఊపటం మాత్రం మానేసింది. ఆ తరవాత ప్రతి ఏడూ అది పై మెట్టు మీద, వెనకగా, బిర్రబిగుసుకుని నిలబడి ఉండేది. నేను దాని వంక చూసేవాణ్ణి కాను.

ఎన్నో ఏళ్ళకు, ఇంగ్లండులో ఒక అద్దాల పెట్టె ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ తంజావూరు బొమ్మ జ్ఞాపకం వచ్చింది.

మా చెల్లెలు కాపరం లండనులో. కిందటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని విండ్సర్ కోట చూడబోయాను. వాడికి ఎనిమిదేళ్ళు. పుట్టింది అక్కడే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. విండ్సర్ లండనుకు పడమరగా థేమ్స్ నది ఒడ్డున ఉంది. అక్కడి కోటను తొమ్మిది వందల ఏళ్ళకు పూర్వం కట్టారు. బురుజులూ, రాజుల పటాలూ, కవచాలూ, కత్తులూ ఎన్నో ఉన్నాయి. కాని మా వాడు ఉదయం నుంచీ ఒకటే పాట: "మావయ్యా, బొమ్మరిల్లు ఎప్పుడు?"

బొమ్మరిల్లు చూడటానికి బారులో నిలబడాలి. ముందువాళ్ళు కదిలితేనే మనం కదలటం. చివరకు ఒక మసక వెలుతురు గదిలోకి వెళ్ళాం. గది మధ్య పెద్ద అద్దాల పెట్టె. అందులో ఒక రాజభవనం!

అది రాణీ మేరీ బొమ్మరిల్లు. ఈమె అయిదవ జార్జి రాజుగారి భార్య. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరవాత, రాణిగారికి ప్రజల కానుకగా ఒక బొమ్మరిల్లు కట్టించి ఇద్దామన్న ఆలోచన రాజుగారి మేనత్త కూతురు మేరీ లూయీజ్‌కు వచ్చింది. ఇంటి నమూనా గీసినవాడు సర్ ఎడ్విన్ లుట్యెన్స్. ఈయన మనకు కొత్తవాడు కాడు. ఢిల్లీలో ఈనాడు రాష్ట్రపతి భవనం అని పిలిచే కట్టడాన్ని గీసినవాడు ఆయనే. ఆ రోజుల్లో ఆయన ఒక వంక ఢిల్లీలో మహాభవనం కట్టిస్తూ, ఇంకొక వంక ఈ పిట్టగూడు లాంటి భవనానికి నమూనా గీశాడు!

1921 లో మొదలైన పని 1924 లో ముగిసింది. 1,500 మందికి పైగా చిత్రకారులూ, పనివాళ్ళూ, రచయితలూ అందులో చెయ్యి వేశారు. దాని కొలత చాలా సులువు. అసలు ఇంట్లో అడుగు ఉన్నది ఇందులో అంగుళం. అంటే ప్రతి వస్తువూ పన్నెండోవంతు. ఆరడుగుల మంచం ఆరంగుళాలు. మూడడుగుల కుర్చీ మూడంగుళాలు.

చిన్నవే గాని ఉత్తుత్తి వస్తువులు కావు. గదుల్లో విద్యుద్దీపాలు వెలిగేట్టు తీగలు వేశారు. స్నానాల గదుల్లోకి గొట్టాల వెంట నీళ్ళు వస్తాయి. పైకీ కిందికీ తిరిగే లిఫ్టులు అమర్చారు. గ్రామఫోను పాడేట్టు తయారు చేశారు. మోటారు కార్లు పెట్టుకోవటానికి అడుగున షెడ్డు ఉంది. తోట కావలిస్తే సొరుగు లాగాలి; చెట్లూ, పూలూ, గడ్డి చదునూ అన్నీ ఆ సొరుగులోనే. గ్రంథాలయంలో అగ్గిపెట్టెలంతేసి తోలు అట్టల పుస్తకాలు. ఆ కాలపు గొప్ప రచయితలు ఎందరో స్వయంగా రాసి ఇచ్చారు. కానన్ డాయిల్ అయితే ఈ ఇంటి కోసం షెర్లాక్ హోమ్స్ కథ ఒకటి కొత్తగా రాశాడు. ఇంటి నాలుగు గోడలూ ఒక మూతలాగా పైకి లేస్తాయి. అందుచేత నాలుగు వేపులనుంచీ గదులు కనిపిస్తాయి.

మా వాడు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"మావయ్యా, ఆ లిఫ్టును ఒక్కసారి వేలితో పైకి తొయ్యాలని ఉంది," అన్నాడు.

"నాకూ ఉందిరా," అన్నాను. అబద్ధం ఆడలేదు.

"రాణిగారి బొమ్మరిల్లే గదా! బొమ్మరిల్లు ఆడుకోవటానికి కాకపోతే ఎందుకు?"

వాడు ముక్కు వెనక్కు తీశాడు. అద్దం మీద ఆవిరి ఆరిపోయింది గాని, ముక్కు ముద్ర ఒకటి జిడ్డుగా మిగిలింది. ఆ పక్కనే అయిదు వేళ్ళ ముద్రలు.

"ముందు ఇది చూడు," అని వాడికి ఆ ముద్ర చూపించాను. "ఇది అద్దం మీద పడింది కనక సరిపోయింది. సాయంత్రం గుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది. అద్దమే లేకపోతే ఇది ఎక్కడ పడేది?"

వాడు లోపలి వెండి కంచాల వంక చూశాడు.

పిల్లలూ, అప్పుడు వాడికి నేను చెప్పినదే మీకూ చెబుతాను. ఆ ఇంట్లో మంచాలు పన్నెండోవంతు, కుర్చీలు పన్నెండోవంతు, పుస్తకాలు పన్నెండోవంతు. కాని పన్నెండోవంతుకు తగ్గనివి రెండు ఉన్నాయి. ఒకటి దుమ్ము. రెండు మన వేళ్ళు.

మన చొక్కా నుంచి ఊడిన దూది పోగు అరంగుళం పొడుగు ఉన్నదనుకోండి. మన ఇంట్లో అది ఒక లెక్కలోది కాదు. అదే పోగు బొమ్మరింటి భోజనాల బల్ల మీద పడితే, ఆ ఇంటి కొలత ప్రకారం అరడుగు తాడు అవుతుంది! మన తల వెంట్రుక అక్కడ పెద్ద తీగ. మనకు కనిపించీ కనిపించని ఇసుక రేణువు అక్కడ గులకరాయి. ఇక రెండంగుళాల వేలు ఆ గదిలోకి దూరితే? రెండడుగుల దూలం కిటికీలోనించి ఇంట్లోకి వచ్చి పడ్డట్టే. మన వేలు ఎంత మెల్లిగా వచ్చినా ఆ దూలం మెల్లిగా రాదు. ఒక కుర్చీని ముట్టుకోబోతే నాలుగు కుర్చీలు పడతాయి.

ఈ బొమ్మరిల్లు రాణిగారు ఆడుకోవటానికి కట్టింది కాదు. జనానికి చూపి, వచ్చిన డబ్బు ధర్మకార్యాలకు ఇవ్వటం అప్పటి ఉద్దేశం. 1924 లో లండనులోని వెంబ్లీలో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు దీన్ని అక్కడ పెట్టారు. 16 లక్షల మందికి పైగా వచ్చి చూశారు. ఒక్కొక్కరు ఒక్కసారి, ఒక్క వేలు పెట్టారనుకుందాం. అందరూ మంచివాళ్ళే. ఎవరూ ఏమీ విరగ్గొట్టదలచలేదు. అయినా 16 లక్షల వేళ్ళు! ఆ లిఫ్టు మిగిలేదా? ఆ పుస్తకాల అట్టలు మిగిలేవా? 1925 నుంచి ఇల్లు విండ్సర్ కోటలో ఉంది. నూరేళ్ళు దాటినా చెక్కు చెదరకుండా మనం చూస్తున్నామంటే అద్దమూ, దానిని కనిపెట్టుకుని ఉన్న మనుషులూ కారణం.

కాపాడకపోతే ఏమవుతుందో చెప్పటానికి పాత కథ ఒకటి ఉంది. జర్మనీలో న్యూరెంబర్గు అనే పట్నం బొమ్మలకు చాలాకాలం నుంచి పేరు పడింది. 1631 లో ఆ ఊళ్ళో అన్నా కోఫెర్లిన్ అనే ఆమె ఒక పెద్ద బొమ్మరిల్లు తయారు చేయించి ఊరివారికి చూపింది. పిల్లలు దాన్ని చూసి, ఇల్లు చక్కదిద్దుకోవటం ఎలాగో నేర్చుకోవాలని ఆమె కోరిక. దాన్ని గురించి ఒక కాగితం కూడా అచ్చు వేయించింది. ఆ పలచటి కాగితం ఈనాటికీ నిలిచి ఉంది. బొమ్మరిల్లు మాత్రం లేదు!

హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో రైక్స్ మ్యూజియం అని ఒకటి ఉంది. అందులో పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అనే ధనవంతురాలి బొమ్మరిల్లు ఉంది. ఆవిడ దానిని 1686 మొదలుకొని సుమారు పాతికేళ్ళ పాటు అమర్చుకుంటూ వచ్చింది. దాని మీద పెట్టిన డబ్బుతో ఆ ఊళ్ళో కాలవ ఒడ్డున నిజం ఇల్లే కొనవచ్చునని చెబుతారు. అది పెద్ద బీరువా. తాబేటి చిప్పతో నగిషీ చేసిన ఆ బీరువాలోనే గదులు. ఆ రోజుల్లో ఒక చిత్రకారుడు దాని బొమ్మ గీశాడు. ఆ పటంలో బీరువాకు పసుపుపచ్చ తెరలు కనిపిస్తాయి. మన అమ్మమ్మలు కొలువు మీద పాత చీర కప్పినట్టే, చూపించేటప్పుడు తెర తీసి, తరవాత దించేవారన్నమాట. ఆ పటంలో గదుల నిండా మనుషుల బొమ్మలు కూడా ఉన్నాయి. ఇల్లు మిగిలింది గాని ఆ బొమ్మలు చాలావరకు ఈనాడు లేవు. చిన్న వస్తువుకు ఉన్న గండమే అది. పెద్ద బీరువా ఎక్కడికీ పోదు. వేలెడంత బొమ్మ ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

ఇక దుమ్ము సంగతి. దుమ్ము అంటే వీధిలో మట్టి మాత్రమే అనుకుంటాం. చూడవచ్చిన మనుషులే దుమ్మును వెంట తెస్తారు. బట్టల నుంచి ఊడే పోగులు, ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు, వెంట్రుకలు, చెప్పుల కింది మన్ను—ఇవన్నీ కలిస్తే దుమ్ము. ఇంగ్లండులో పాత భవనాలను కాపాడేవాళ్ళు జిగురు పూసిన చిన్న చిన్న పలకలు అక్కడక్కడ పెట్టి, వాటి మీద పడే దుమ్మును భూతద్దంలో చూసి లెక్క కట్టారు. జనం నడిచే దారి పక్కన ఎక్కువ దుమ్ము పడుతుంది. దూరం పోయిన కొద్దీ తగ్గుతుంది. అందుకనే చాలాచోట్ల తాడు కట్టి, జనాన్ని వస్తువులకు కాస్త దూరంగా నడిపిస్తారు. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టాలు వేస్తారు.

దుమ్ము పడితే తుడిస్తే సరిపోదా? సరిపోదు. దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుక వెండికన్న, బంగారంకన్న గట్టిది. పొడి గుడ్డతో గట్టిగా తుడిస్తే ఆ రేణువులు వెండి మీద గీతలు గీస్తాయి. తుడవకుండా వదిలేస్తే, గాలిలో చెమ్మ ఎక్కువైనప్పుడు దుమ్ము జిగురులాగా అంటుకుపోతుంది. పైగా పురుగులకు అది ఆహారం. ఉన్ని తివాసీలు కొరికే పురుగులకు బొమ్మరింటి తివాసీ అయినా ఒకటే, రాజుగారి తివాసీ అయినా ఒకటే.

వేళ్ళ సంగతి కూడా అంతే. చేతులు ఎంత శుభ్రంగా కడుక్కున్నా కొద్దిసేపట్లో చెమటా, జిడ్డూ ఊరతాయి. చెమటలో ఉప్పు ఉంటుంది. మెరిసే రాగి చెంబును వేలితో ముట్టుకుని కొన్నాళ్ళు అలాగే ఉంచి చూడండి. వేలు పెట్టినచోట నల్లగా ముద్ర తేలుతుంది. ముట్టుకున్నవాడు ఇంటికి వెళ్ళిపోతాడు. వాడి వేలు మాత్రం అక్కడే ఉండి పని చేస్తూ ఉంటుంది!

అయితే అద్దాల పెట్టెలో పెట్టి మూసేస్తే చాలునా? అక్కడా ఒక చిక్కు ఉంది. కొన్ని రకాల కొయ్య, ముఖ్యంగా ఓక్ అనే చెట్టు కొయ్య, పుల్లని ఆవిర్లు వదులుతుంది. గాలి ఆడే చోట వాటివల్ల బాధ లేదు. మూసిన పెట్టెలో ఆ ఆవిర్లు పోగవుతాయి. పాతకాలపు బొమ్మరిళ్ళలో చిన్న చిన్న కంచాలూ, గిన్నెలూ సీసంతో చేసినవి ఉంటాయి. ఈ ఆవిర్లు తగిలితే సీసం తెల్లగా బూజు పట్టినట్టయి, పొడిపొడిగా రాలిపోతుంది. అంటే దుమ్మునుంచి కాపాడటానికి చేసిన పెట్టే వస్తువును తినేసిందన్నమాట! అందుచేత పెట్టె దేనితో చేయాలో ముందుగా పరీక్ష చేసి చూస్తారు. చెడ్డ ఆవిర్లు పీల్చటానికి ఒక రకం బొగ్గునూ, చెమ్మను అదుపులో పెట్టటానికి సిలికా జెల్ అనే గింజలనూ పెట్టెలో కనిపించకుండా ఉంచుతారు. వెలుతురు కూడా తగ్గిస్తారు. ఎండలో ఆరేసిన రంగు చీర వెలిసిపోయినట్టే, దీపాల వెలుతురుకు పట్టు తెరలు వెలుస్తాయి. విండ్సర్‌లో గది మసకగా ఉన్నది అందుకే.

ఎంత మూసినా కొంచెం దుమ్ము లోపలికి వెళుతూనే ఉంటుంది. బొమ్మరింటి పనిమనుషుల గదిలో చీపుళ్ళూ, బ్రష్షులూ ఉన్నాయి గాని, వాటితో చిమ్మేవారు లేరు గదా! ఆ పని మనుషులే చెయ్యాలి. మ్యూజియాలలో ఇటువంటి పని ఎలా చేస్తారో వింటే మీకు తమాషాగా ఉంటుంది. ముందు ప్రతి గదినీ ఫొటో తీస్తారు. ఏ కుర్చీ ఎటు తిరిగి ఉన్నదో, ఏ చెంచా ఎక్కడ ఉన్నదో అందులో ఉంటుంది. తరవాత చిమటాతో ఒక్కొక్క వస్తువునూ తీసి, మెత్తటి గుడ్డ పరిచిన పళ్ళెంలో పెడతారు. మెత్తటి కుంచెతో దుమ్మును లేపుతూ, ఇంకొక చేత్తో దుమ్ము పీల్చే గొట్టం పట్టుకుంటారు. ఆ గొట్టం మూతికి సన్నని వల కట్టి ఉంటుంది. లేకపోతే దుమ్ముతోబాటు ఒక చెంచానో, దువ్వెనో గొట్టంలోకి పోవచ్చు! మొండి మరకలకు కొన్నిసార్లు వాళ్ళు వాడే మందు ఏమిటో తెలుసా? ఉమ్మి! పుల్లకు దూది చుట్టి, ఉమ్మితో తడిపి, మెల్లిగా దొర్లిస్తారు. అన్నం అరగటానికి మన ఉమ్మిలో ఉండే పదార్థాలే మురికిని కూడా వదలగొడతాయి. మీరు ఇంట్లో చెయ్యకండి. ఏ రంగు ఉమ్మికి తట్టుకుంటుందో వాళ్ళకు తెలుసు, మనకు తెలియదు.

ఇదంతా విని మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. రైల్లో కూచున్నాక, "మావయ్యా, అయితే పిల్లలెవ్వరూ ఎప్పటికీ ఆ లిఫ్టును తొయ్యరా?" అన్నాడు.

"తొయ్యరు. నువ్వు తోస్తే నీ ఒక్కడికే సరదా. తొయ్యకపోతే, నీ తరవాత వచ్చేవాళ్ళందరికీ చూసే సరదా మిగులుతుంది," అన్నాను.

ఆ మాట వాడికి న్యాయంగానే తోచింది గాని, తృప్తి కలిగించలేదు. అందులో వాడి తప్పు లేదు. చేతులకు కూడా ఆకలి ఉంటుంది. దానికి కళ్ళు తిండి పెట్టలేవు. ఆ సంగతి నాకు ఏడేళ్ళప్పుడే తెలుసు.

మర్నాడు నేను నాలుగు బూట్ల అట్టపెట్టెలు సంపాదించాను. ఇద్దరం కలిసి వాటిని ఒకదానిమీద ఒకటి అతికించి ఇల్లు కట్టాం. అగ్గిపెట్టెలతో మంచాలు, సీసా మూతలతో పళ్ళేలు, తపాలా బిళ్ళలతో గోడ పటాలు. దారపు ఉండ చెక్కకు దారం చుట్టి లిఫ్టు కూడా పెట్టాం. అది నిజంగా పైకీ కిందికీ తిరిగింది. వాడు దాన్ని నూరుసార్లు తిప్పి ఉంటాడు.

సాయంత్రం మూడేళ్ళ చెల్లెలు తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, వంటగదిలో చెయ్యి పెట్టింది. బల్ల విరిగింది.

"ముట్టుకోకు!" అని వాడు ఇల్లెగిరిపోయేట్టు అరిచాడు. వెంటనే నా వంక చూశాడు. నేనేమీ అనలేదు. మా అమ్మమ్మ లాగే ఊరుకున్నాను. ఆ పిల్ల పెదవి వంకర పెట్టింది.

వాడు కొంచెంసేపు ఆలోచించాడు. పై మూడు గదులకూ పాత చీర ముక్క ఒకటి తెరలాగా కట్టాడు. అడుగు గదిలోని వస్తువులన్నీ తీసేసి, ఆ గది ఖాళీ చేశాడు. అందులో చెల్లెలి చెక్క గుర్రాన్ని పెట్టి, "ఇది నీది. ఇందులో ఏమైనా చేసుకో. పైన మాత్రం చూడాలంటే నన్ను పిలు, తెర తీస్తాను," అన్నాడు.

ఆ పిల్ల గుర్రాన్ని లోపలికి తోసింది, బయటికి లాగింది, మళ్ళీ తోసింది. గది గోడ కొంచెం వంగింది. వాడు దాన్ని చూసి కూడా ఏమీ అనలేదు.